ఒక్క రోజులో కొచ్చి: అమ్మానాన్నలను తీసుకెళ్లే ముందు

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతే రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. నలభయ్యో పెళ్లిరోజుకి అమ్మానాన్నలను విమానంలో కొచ్చి తీసుకెళ్లి, గైడును పెట్టి ఊరంతా చూపించి, ఆ రాత్రికే ఇంటికి తీసుకొచ్చేస్తానన్నావు. చాలా సంతోషం వేసింది. మీ అమ్మకు పరాయి చోట నిద్రపట్టదు, నీకేమో సెలవులు లేవు. పొద్దున వెళ్లి రాత్రికి రావడమే మీకు కుదిరే పద్ధతి. నేను ఆ ఊరికి అలాగే మూడుసార్లు వెళ్లొచ్చాను. రెండుసార్లు మీ పెదనాన్నగారితో, ఒకసారి మా స్కూల్ టీచర్లతో. మొదటిసారి డబ్బూ పోయింది, చూసిందీ తక్కువే. తర్వాత రెండుసార్లూ హాయిగా తిరిగాం. తేడా ఎక్కడొచ్చిందో నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు తేదీ సంగతి. పెళ్లిరోజు శనివారం పడిందని అదే రోజుకి టికెట్లు చూస్తున్నానన్నావు. వద్దు నాన్నా. పాత కొచ్చిలో మనం చూడాల్సినవన్నీ మట్టాంచేరి, ఫోర్ట్ కొచ్చి అనే రెండు పేటల్లో ఉన్నాయి. మట్టాంచేరిలో ఉన్న యూదుల ప్రార్థనా మందిరం శనివారం తెరవరు, అది వాళ్లకు విశ్రాంతి దినం. శుక్రవారం కూడా మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. దాని పక్కనే ఉన్న రాజభవనానికి శుక్రవారం సెలవు. ఆదివారం పొద్దున ఫోర్ట్ కొచ్చిలోని పాత చర్చిలో ఆరాధన ఉంటుంది, మనం తిరిగి చూడటానికి వీలుకాదు. మేము మొదటిసారి తెలియక శనివారమే వెళ్లాం. నేను ఏళ్ల తరబడి పిల్లలకు పాఠంగా చెప్పిన మందిరం అది. మూసిన తలుపు ముందు పావుగంట నిలబడి వెనక్కి వచ్చేశాను. ఆ రోజు నాకు కలిగిన బాధ మీ అమ్మానాన్నలకు కలగకూడదు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకో.

నెలల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం కార్నివాల్ జనంతో ఫోర్ట్ కొచ్చి వీధుల్లో కాలు పెట్టలేం, ఆ వారం వదిలెయ్. జూన్ నుంచి ఆగస్టు దాకా కుండపోత వానలు. ఇంకో మాట, కేరళలో ఉన్నట్టుండి హర్తాళ్ (బంద్) పిలుపులు వస్తుంటాయి. ముందు రోజు సాయంత్రం గైడుకు ఫోన్ చేసి ఊరు మామూలుగానే ఉందా అని కనుక్కో.

ఇక గంటల లెక్క. దీన్ని పొద్దుటి నుంచి మొదలుపెట్టకు, తిరుగు విమానం దగ్గర్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. విమానం తొమ్మిదింటికి అనుకో. ఎనిమిదికి చెక్-ఇన్ మూసేస్తారు, పెద్దవాళ్లతో వెళ్తున్నావు కాబట్టి ఏడున్నర లోపే లోపల ఉండాలి. కొచ్చి విమానాశ్రయం అంటాం గానీ అది ఊళ్లో లేదు, నెడుంబాశ్శేరిలో ఉంది. ఫోర్ట్ కొచ్చి నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. సాయంత్రం ఎర్నాకుళం ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే అయిదింటికల్లా కారులో కూర్చోవాలి. పొద్దున ఆరున్నర విమానం ఎక్కితే గంటన్నర ప్రయాణం, దిగి, బయటకొచ్చి, పాత ఊరు చేరేసరికి పది అవుతుంది. మిగిలింది ఏడు గంటలు. అందులో భోజనానికీ, మీ అమ్మ కాళ్లు చాపుకోవడానికీ గంటన్నర తీసేయ్. నీ చేతిలో ఉన్నది అయిదున్నర గంటలే.

మా మొదటి టూరువాళ్లు ఆ అయిదున్నర గంటల్లో తొమ్మిది చోట్లు చూపిస్తామని కాగితం మీద రాసిచ్చారు. ప్రతిచోటా దిగడం, ఫోటో, ఎక్కడం. పోనీ అన్నీ చూశామా అంటే అదీ లేదు, మసాలా దినుసుల దుకాణంలోనే గంటకు పైగా గడిచింది. చివరికి మీ పెదనాన్నగారు బ్యాగు భుజాన వేసుకుని విమానాశ్రయంలో పరుగెత్తాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నా, నాలుగు చోట్లు చాలు. రాజభవనం, యూదుల మందిరం, చర్చి, చేపలు పట్టే చైనా వలలు. ఇంకా ఉన్నాయని ఎవరు చెప్పినా వినకు.

వరుస కూడా ఇదే ఉంచు. అందరూ ముందు ఫోర్ట్ కొచ్చి వెళ్లి తర్వాత మట్టాంచేరికి వస్తారు. యూదుల మందిరాన్ని మధ్యాహ్నం కాసేపు మూస్తారు కాబట్టి నువ్వు ముందే మట్టాంచేరికి వెళ్లు. భోజనం తర్వాత, ఎండ తగ్గాక, సముద్రం వైపు రా.

గైడును ఎంచుకునేటప్పుడు టూరిజం శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందో లేదో అడిగి చూడు. తెలుగు మాట్లాడే గైడు దొరకడం కష్టం. మీ అమ్మకు హిందీ సీరియళ్లన్నీ అర్థమవుతాయి కదా, హిందీ బాగా వచ్చినవారిని అడుగు. ముందు రోజే ఫోన్‌లో రెండు విషయాలు తేల్చుకో. ఒకటి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, నడక నెమ్మది అని. రెండోది, దుకాణాలకు మేము అడిగితేనే తీసుకెళ్లాలి, అదీ ఒక్కదానికే అని. దుకాణంవాళ్లు గైడుకు కమీషన్ ఇవ్వడం అక్కడ మామూలే. గొడవేమీ వద్దు, ముందే మర్యాదగా చెబితే వాళ్లూ అర్థం చేసుకుంటారు. మంచి గైడు అయితే ఆ రోజంతా నీకు కొడుకు పని తప్ప ఇంకో పని ఉండదు. టికెట్లు, కారు, సమయం ఆయన చూసుకుంటాడు, నువ్వు అమ్మ చెయ్యి పట్టుకుని నడవచ్చు. గైడును పెట్టుకోమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

కథ మాత్రం ముందు రాత్రి నువ్వే ఇంట్లో చెప్పు. అక్కడ ఎండలో నిలబడి సంవత్సరాలు వింటే పెద్దవాళ్లకు ఎక్కవు. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చిందనీ, ఆ వరదలో కొడుంగల్లూరు పాత రేవు పూడిపోయి కొచ్చి దగ్గర సముద్రానికి దారి తెరుచుకుందనీ అంటారు. అలా పుట్టింది ఈ రేవు. మిరియాల కోసం అరబ్బులు, చైనావాళ్లు వచ్చారు. తర్వాత పోర్చుగీసువాళ్లు, 1663లో వాళ్లను వెళ్లగొట్టి డచ్చివాళ్లు, చివరకు ఇంగ్లీషువాళ్లు. మీ నాన్నగారిది బందరు కదా, ఆయనకు ఇంకొక్క మాట చెప్పు. 17వ శతాబ్దం మొదట్లో బందరులో వర్తకానికి కోఠీ పెట్టిన డచ్ కంపెనీయే తర్వాత కొచ్చిని పట్టుకుంది. చిన్నప్పుడు బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసిన మనిషి. ఈ మాట వింటే అక్కడి ప్రతి గోడా ఆగి చూస్తారు.

రాజభవనాన్ని అందరూ డచ్ ప్యాలెస్ అంటారు గానీ, 16వ శతాబ్దం మధ్యలో దాన్ని కట్టి కొచ్చి రాజుకు ఇచ్చింది పోర్చుగీసువాళ్లు. డచ్చివాళ్లు బాగుచేయించడం వల్ల ఆ పేరు వచ్చింది. బయటి నుంచి చూస్తే మామూలు పెద్ద ఇల్లులా ఉంటుంది, మీ అమ్మ నిరాశపడవచ్చు. పై అంతస్తుకు మెట్లు ఉన్నాయి, నెమ్మదిగా ఎక్కించు. రాజుగారి పడకగది గోడల మీద రామాయణమంతా చిత్రించారు. దశరథుడి పుత్రకామేష్టి దగ్గర మొదలై రాముడు అయోధ్యకు తిరిగి రావడం దాకా. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో గోడ మీద ఎక్కడా వేలు పెట్టేంత ఖాళీ కనపడదు. మీ అమ్మ ఏటా శ్రీరామనవమికి రామాయణం చదువుకునే మనిషి. అక్కడ గైడును కాసేపు మాట్లాడవద్దని చెప్పు. ఏ బొమ్మ ఏ ఘట్టమో మీ అమ్మే వెతికి పట్టుకుని నీకు చెబుతుంది. ఆ గదికి అరగంట ఇవ్వు. నాలుగు చోట్లలో ఒకటి తగ్గించాల్సి వచ్చినా సరే, ఇక్కడ మాత్రం తొందరపెట్టకు.

అక్కడి నుంచి యూదుల వీధి నాలుగడుగులు. మందిరం 1568 నాటిది. చెప్పులు బయట విడవాలి. లోపల నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలి రంగు పలకలు పరిచారు, చేత్తో రంగులు వేసినవి. తల పైన గాజు దీపాలు వేలాడుతుంటాయి. బయట గడియారం గోపురం ఉంది, దాని ముఖాల మీద అంకెలు వేర్వేరు భాషల్లో ఉంటాయి. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడి యూదులు దాదాపు అందరూ అక్కడికి వెళ్లిపోయారు. ఆ వీధిలో నడుస్తున్నప్పుడు ఒకప్పుడు ఈ ఇళ్లనిండా వాళ్లే ఉండేవారని అమ్మానాన్నలకు చెప్పు. ఇప్పుడు ఎక్కువగా పాత సామాను దుకాణాలూ, మసాలా అంగళ్లూ. కొనేది ఏదైనా ఉంటే ఇక్కడే కొనిపించు. మిరియాలు, యాలకులు చాలు. ఎండుకొబ్బరి మాత్రం కొననివ్వకు. నూనె ఉండటం వల్ల త్వరగా అంటుకుంటుందని చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు.

భోజనానికి దూరం పోవద్దు. మట్టాంచేరిలో గుజరాతీలు, కొంకణీలు తరతరాలుగా ఉన్నారు కాబట్టి శాకాహారం దొరుకుతుంది. కేరళ భోజనం తింటామంటే లావుపాటి ఎర్రబియ్యం అన్నం, కూరల్లో కొబ్బరి నూనె వాసన ఉంటాయని ముందే చెప్పు. గులాబీ రంగులో గోరువెచ్చటి నీళ్లు పోస్తారు, పతిముఖం చెక్క వేసి కాచినవి, కంగారుపడకుండా తాగవచ్చు. మీ నాన్నగారి ఇన్సులిన్ వేళ తప్పకూడదు. ఒంటిగంటకు ఎక్కడున్నా సరే భోజనానికి కూర్చోబెట్టు.

మూడింటికి చర్చి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి అంటారు. 1503లో చెక్కతో మొదలుపెట్టి తర్వాత రాతితో కట్టారు. మన మెదక్ చర్చిలాగే ఇప్పుడిది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లది. వాస్కోడిగామా 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే చనిపోయాడు, ఇక్కడే పూడ్చిపెట్టారు. కొన్నేళ్ల తర్వాత అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకెళ్లారు. అతని సమాధి రాయి మాత్రం ఇక్కడే ఉంది. గైడు అతన్ని గొప్పగా పొగిడితే, 1502లో ఇదే మలబారు తీరంలో హజ్ యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించింది కూడా అతనేనని నువ్వు చెప్పు. నేను పిల్లలకు రెండూ చెప్పేదాన్ని. తల ఎత్తి చూస్తే పొడుగాటి గుడ్డ పంకాలు కనిపిస్తాయి. వాటి తాళ్లు గోడ దాటి బయటకు వెళ్తాయి. లోపల దొరలు ప్రార్థన చేస్తుంటే బయట మనవాళ్లు నిలబడి ఆ తాళ్లు లాగేవారు. నాకు గామా రాయి కన్నా ఆ తాళ్లే ఎక్కువ గుర్తున్నాయి.

చివరకు సముద్రపు ఒడ్డున చైనా వలలు. అక్కడివాళ్లు చీనవల అంటారు. పెద్ద పెద్ద దూలాలకు వల కట్టి, వెనక తాళ్లకు బండరాళ్లు వేలాడదీస్తారు. ఆ రాళ్ల బరువు సాయంతో నలుగురైదుగురు మనుషులు కలిసి వలను నీళ్లలోకి దించుతారు, పైకి లాగుతారు. మీ నాన్నగారిని కూడా తాడు పట్టుకోమంటారు, పట్టుకోనివ్వు. తర్వాత వాళ్ల చేతిలో కొంత డబ్బు పెట్టు, అది వాళ్ల కష్టం. అక్కడి నుంచి కారుతో సహా జంకార్ (వాహనాలను దాటించే పెద్ద పడవ, ఇప్పుడు రో-రో అంటున్నారు) ఎక్కితే కొద్ది నిమిషాల్లో అవతలి వైపు వైపిన్ దీవి చేరి, అటు నుంచి విమానాశ్రయానికి పోవచ్చు. మీ అమ్మకు పడవ సరదా కూడా తీరుతుంది. క్యూ పొడుగ్గా ఉంటే గైడు మాట విని రోడ్డు మీదే వెళ్లు.

విమానం గురించి నాలుగు ముక్కలు. మీ అమ్మకు ఇదే మొదటి విమానం. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టు. నడవగలదు కదా అనుకోవద్దు, సెక్యూరిటీ క్యూలో నిలబడటానికే సగం ఓపిక అయిపోతుంది. కిటికీ సీటు ఆమెకు ఇవ్వు. దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, చప్పరించడానికి బిళ్లలు దగ్గర పెట్టు. ఇన్సులిన్, మందుల చీటీ, ఆధార్ కార్డులు చేతిసంచిలోనే ఉండాలి. కొచ్చిలో దిగాక సోలార్ పలకల సంగతి నాన్నగారికి చెప్పు. పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిచిన మొదటి విమానాశ్రయం ప్రపంచంలో అదే, 2015లో. కరెంటాఫీసులో పనిచేసిన మనిషి, ఆ వివరాలన్నీ అడుగుతారు, చదువుకుని వెళ్లు.

ఒకటే కోరుతున్నా, సర్‌ప్రైజ్ అని దాచిపెట్టకు. మీ అమ్మకు ఇప్పుడే చెప్పేస్తే రోజూ సాయంత్రం కాస్త నడక అలవాటు చేసుకుంటుంది, మోకాళ్లకు డాక్టరును కూడా ఒకసారి కలుస్తుంది. చెప్పులు సులువుగా విడిచి తొడుక్కునేవి కొను. శనివారం ఇంట్లో పెళ్లిరోజు చేసుకోండి, ఆ తర్వాతి బుధవారానికి టికెట్లు చూడు. డబ్బు కట్టే ముందు విమానం సమయాలు నాకు ఫోన్‌లో చెప్పు, లెక్క సరిపోయిందో లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ