ఒక్క ఫిర్యాదుతో అమీనా ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. డిగ్రీ అయిన మా అబ్బాయి కోర్టులో ప్రాసెస్ సర్వర్ (సమన్లు, నోటీసులు అందించే ఉద్యోగి), ఫీల్డ్ అసిస్టెంట్ (జప్తులకు వెళ్లే అమీనా) పోస్టులకు చదువుతున్నాడు. జప్తుకు వెళ్లినచోట ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఉద్యోగం ఊడుతుందని బంధువులు భయపెడుతున్నారు. మాన్పించమంటారా?

జవాబు: వద్దమ్మా, చదవనివ్వండి. అమీనా పనిలో ఫిర్యాదులు రావడం మామూలే. ఇల్లు ఖాళీ చేయించినవాళ్లను ఎవరు మెచ్చుకుంటారు? అంతమాత్రాన ఉద్యోగం పోదు.

ఈ ఉద్యోగులకు వర్తించేవి 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సీసీఏ నిబంధనలు, అంటే ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల నిబంధనలు. ఫిర్యాదులో పస ఉంటే జిల్లా జడ్జి మొదట సంజాయిషీ అడుగుతారు. తీవ్రమైన ఆరోపణైతే ఛార్జ్ మెమో (ఆరోపణల పత్రం) ఇచ్చి, విచారణాధికారిని వేస్తారు. అక్కడ సాక్షులను ప్రశ్నించవచ్చు, తోటి ఉద్యోగి సాయం తీసుకోవచ్చు. విచారణ నివేదిక కాపీ ఇచ్చి జవాబు తీసుకోకుండా శిక్ష వేయకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. మందలింపు, ఇంక్రిమెంట్ కోత మొదలుకొని డిస్మిస్ దాకా శిక్షలున్నాయి. వాటిపై అప్పీలుకూ దారి ఉంది.

సస్పెన్షన్ అంటే ఇంట్లో అందరికీ టెన్షనే గానీ, అది శిక్ష కాదు. ఆ కాలంలో జీవన భృతి వస్తుంది. అయితే 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ఇంకో మాట: క్రిమినల్ కేసు కొట్టేసినా శాఖాపరమైన విచారణ దానంతటదే ఆగదు, అక్కడ కావలసిన రుజువు స్థాయి తక్కువ.

నిజంగా ఉద్యోగం తినేవి రెండు: చేతిలోకి తీసుకున్న నోటు, ఆఫీసులో కూర్చుని 'ఇంటికి తాళం వేసి ఉంది' అని రాసిన రిటర్న్ (కోర్టుకిచ్చే నివేదిక). రెండోది చాలామంది చిన్న తప్పనుకుంటారు. ఎదుటి పార్టీ ఆ రోజు ఇంట్లోనే ఉన్నానని రుజువు చూపిస్తే అది తప్పుడు రికార్డు అవుతుంది. వెళ్లిన టైము, పక్కింటివాళ్ల సంతకాలు, పంచనామా అక్కడికక్కడే రాసుకునే అలవాటుంటే ఏ విచారణకైనా అదే జవాబు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60, 62 సెక్షన్లు ఇప్పుడే చదివించండి. వంటపాత్రలు, పనివాడి పనిముట్లు జప్తు చేయకూడదు. సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు జప్తుకని ఇళ్లలోకి వెళ్లకూడదు. తెలియక వీటిని దాటినవాళ్లే నిజమైన ఫిర్యాదుల్లో చిక్కుకుంటారు.

అబ్బాయికి కోపం త్వరగా వస్తుందా? జనం తిడుతుంటే మాట అనకుండా కాగితం రాసుకోగలడా? లేదనిపిస్తే కోర్టుల్లోనే కాపీయిస్ట్, రికార్డ్ అసిస్టెంట్ పోస్టులుంటాయి, వాటికి పెట్టించండి.