వర్క్‌షాప్ ప్రశ్నలు: కంట్రోలర్ మార్చే ముందు

ప్రశ్న: నమస్కారం సార్. నా దగ్గర ఫానుక్ 0-ఎం కంట్రోల్ ఉన్న పాత వర్టికల్ మెషినింగ్ సెంటర్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వై యాక్సిస్ వేగంగా కదిలేటప్పుడు ఎప్పుడో ఒకసారి 421 అలారం వచ్చేది. ఇప్పుడు రోజుకు నాలుగైదు సార్లు ఆగిపోతోంది. చూసినవాళ్లంతా కంట్రోలర్ పాతబడిపోయింది, తీసేసి పీసీతో నడిచేది పెట్టుకో అంటున్నారు. దాచుకున్నదంతా అందులో పెట్టాలంటే భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి కంట్రోలర్ పాడైందని నాకు అనిపించడం లేదు.

టేబుల్ ఉండాల్సిన చోటుకీ, నిజంగా ఉన్న చోటుకీ మధ్య తేడా కదలికలో ఉండగా పరిమితి దాటితే 421 వస్తుంది. 4 అంటే సర్వో (యాక్సిస్‌ని కదిలించే మోటార్ వ్యవస్థ), 2 అంటే రెండో యాక్సిస్, అంటే మీ వై. ఇదే ఎక్స్‌లో అయితే 411. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు తేడా వస్తే చివర 1 బదులు 0 ఉంటుంది. అంటే కంట్రోలర్ తప్పును పట్టుకుని మెషిన్‌ని ఆపుతోంది, వెనకబడుతున్నది టేబుల్. ఎందుకు వెనకబడుతోందో చూడకుండా కొత్త కంట్రోలర్ పెడితే, అది కూడా ఇదే అలారాన్ని ‘ఫాలోయింగ్ ఎర్రర్’ అన్న పేరుతో ఇస్తుంది.

ఇరవై ఎనిమిదేళ్లు మెయింటెనెన్స్‌లో పనిచేశాను. సరిగ్గా ఇలాంటి అలారం మీదే ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. డ్రైవ్ (మోటార్‌కి కరెంటు ఇచ్చి నడిపే పెట్టె) మార్చి చూశాం, ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సార్) కేబుల్ మార్చి చూశాం, లాభం లేదు. మూడో రోజు పవర్ ఆపేసి, వై యాక్సిస్ బాల్ స్క్రూని (టేబుల్‌ని జరిపే మర కడ్డీని) చేత్తో తిప్పాను. ఒక వైపంతా నూనెలో తిరిగినట్టు తిరిగింది. మధ్యలోకి వచ్చేసరికి బిగుసుకుపోయింది, రెండు చేతులతో పట్టినా కదల్లేదు. టెలిస్కోపిక్ కవర్ విప్పితే లోపల చిప్స్, కూలెంట్ కలిసి సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. దాని కింద స్లైడ్ పొడిగా ఉంది. ఆ స్లైడ్‌కి నూనె తెచ్చే సన్నటి గొట్టం మూసుకుపోయి ఎన్ని నెలలైందో! శుభ్రం చేసి, గొట్టం, దాని మీటరింగ్ యూనిట్ (నూనెని కొలిచి వదిలే భాగం) మార్చాం. అలారం మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి సర్వో అలారం ఎక్కడ వచ్చినా ముందు నూనె, తర్వాత స్క్రూ, ఆ తర్వాతే మల్టీమీటర్.

మీరూ అలాగే మొదలుపెట్టండి. రాపిడ్ ఓవర్‌రైడ్‌ని (వేగపు కదలికను తగ్గించే స్విచ్‌ని) 25 శాతానికి తగ్గించి ఒక రోజు నడపండి, అలారం ఎక్కువగా ఏ చోట వస్తోందో కాగితం మీద రాసుకోండి. ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే మెకానికల్ లోపమనే అనుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోచోట వస్తుంటే కేబుల్, కనెక్టర్, డ్రైవ్ చూడాలి. ఎక్స్, వై డ్రైవ్‌ల మీద పార్ట్ నంబర్లు అక్షరం తేడా లేకుండా ఒకటే అయితే వాటిని ఒకదాని చోట ఒకటి పెట్టి చూడొచ్చు. అలారం 411గా మారితే డ్రైవ్‌దే తప్పు. 421గానే ఉంటే డ్రైవ్‌ని వదిలేసి మోటార్ వైపు వెళ్లండి. విప్పే ముందు మాత్రం పవర్ ఆపి ఆగండి. డ్రైవ్‌లోని కెపాసిటర్లలో చార్జ్ ఉండిపోతుంది. మీటర్ పెట్టి, వోల్టేజ్ పూర్తిగా దిగాకే చెయ్యి పెట్టాలి.

ఇవన్నీ చేసేలోపే, వీలైతే ఈ సాయంత్రమే, ఒక పని చెయ్యండి. మీ పారామీటర్లన్నీ (ఈ మెషిన్‌కి తగ్గట్టు పెట్టిన సెట్టింగులు) బ్యాటరీ మీద బతికే మెమరీలో ఉన్నాయి. చాలా 0 సిరీస్ మెషిన్లలో టార్చిలైట్లలో వేసే లావు సెల్స్ మూడు ఉంటాయి. కంట్రోల్ ఆన్‌లో ఉండగానే వాటిని మార్చాలి. ఆఫ్ చేసి మారిస్తే అన్నీ చెరిగిపోయే ప్రమాదం ఉంది. తర్వాత ఆర్‌ఎస్-232 పోర్టు నుంచి పారామీటర్లు, ప్రోగ్రాములు కంప్యూటర్‌లోకి తీసుకోండి. సాధారణంగా 4800 బాడ్, 7 బిట్లు, ఈవెన్ పారిటీ, 2 స్టాప్ బిట్లు పెడితే మాట్లాడుతుంది. క్యాబినెట్ తలుపు లోపల పారామీటర్ల కాగితం అంటించి ఉంటే ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. 900 నంబర్ల నుంచి మొదలయ్యే ఆప్షన్ పారామీటర్లు అన్ని మెషిన్లకూ ఒకేలా ఉండవు, పక్క మెషిన్ చూసి కొట్టేవి కావు. రీసెట్, డిలీట్ రెండూ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చెయ్యమని ఎవరైనా చెబితే చెయ్యకండి. మెమరీ మొత్తం తుడిచేసే పద్ధతి అది.

ప్రశ్న: మా సీఎన్‌సీ లేత్ కంట్రోలర్‌లో మదర్‌బోర్డు పోయింది, ఎక్కడా దొరకలేదు. మోటార్లు, డ్రైవ్‌లు బాగున్నాయి. లైనక్స్‌సీఎన్‌సీ (పీసీతో మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాలనుకుంటున్నాం. పాత డ్రైవ్‌లు ఉంచుకోవచ్చా? దేనికి ఎక్కువ సమయం పడుతుంది?

జవాబు: మీ విషయంలో మార్చడమే దారి. డ్రైవ్‌లు ప్లస్ లేదా మైనస్ 10 వోల్టుల అనలాగ్ సిగ్నల్‌తో పనిచేసేవైతే సంతోషంగా ఉంచుకోండి. మీసా 7ఐ77 లాంటి కార్డు ఆరు యాక్సిస్‌లకు ఆ సిగ్నల్ ఇస్తుంది, ఆరు ఎన్‌కోడర్లు చదువుతుంది. మోటార్ వెనక ఉన్నది ఎన్‌కోడరా, రిజాల్వరా (అదే పని వేరే రకం సిగ్నల్‌తో చేసేది) అన్నది ముందే చూడండి. రిజాల్వర్ అయితే దానికి వేరే కార్డు కావాలి.

యాక్సిస్‌లు కదిలించడం మీరు అనుకున్నంత కష్టం కాదు. సమయమంతా టరెట్ (టూల్స్ బిగించి తిప్పి మార్చే తల) తినేస్తుంది. ఎత్తడం, తిప్పడం, ఏ స్టేషన్‌లో ఉందో చదవడం, దింపి బిగించడం, బిగిసిందని సెన్సార్ చెప్పేదాకా ఆగడం: ఈ వరుసంతా పాత కంట్రోలర్ ల్యాడర్‌లో (స్విచ్‌లు, సెన్సార్ల క్రమం నడిపే ప్రోగ్రాంలో) ఉండేది, ఇప్పుడు మీరే రాయాలి. అందుకే ఒక్క వైరు పీకే ముందు కూడా ప్రతి వైరుకీ నంబర్ ట్యాగ్ వేసి, ఫొటో తీసి, డ్రాయింగ్‌తో సరిచూసుకోండి. స్పిండిల్ ఎన్‌కోడర్‌ని మరచిపోయేవాళ్లు చాలామంది. అది లేకపోతే త్రెడింగ్ చెయ్యలేరు.

రెండు విషయాల్లో మాత్రం రాజీ పడొద్దు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా, వైర్ల ద్వారా నేరుగా డ్రైవ్‌ల కాంటాక్టర్ (వాటికి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) పడిపోవాలి. చక్ ప్రెషర్ స్విచ్ ఓకే అనకపోతే స్పిండిల్ తిరగకూడదు. పని త్వరగా అవ్వాలని ఈ స్విచ్‌ని షార్ట్ చేసి వదిలేసిన మెషిన్లను చూశాను. తిరుగుతున్న జాబ్ చక్‌లోంచి ఊడితే ఎదురుగా నిలబడేది మీ ఆపరేటరే.

మొదటిసారి డ్రైవ్‌లు ఎనేబుల్ చేసే ముందు స్క్రూని చేత్తో తిప్పి, స్క్రీన్ మీద అంకెలు సరైన దిశలో పెరుగుతున్నాయో లేదో చూడండి. ఎన్‌కోడర్ దిశ, వోల్టేజ్ దిశ ఒకదానికొకటి ఎదురైతే ఎనేబుల్ చేసిన క్షణంలో యాక్సిస్ పూర్తి వేగంతో పరుగెత్తుతుంది. క్యారేజ్‌ని మధ్యలో ఉంచండి, టూల్స్ తీసేయండి, ఫాలోయింగ్ ఎర్రర్ పరిమితి చిన్నగా పెట్టండి. ఎనేబుల్ ఒకరు నొక్కుతుంటే రెండోవాళ్ల చెయ్యి ఎమర్జెన్సీ బటన్ మీద ఉండాలి.