ఫోన్ తెరవమంటే తెరవాలా?

ప్రశ్న: రోడ్డు మీద పోలీసులు మా తమ్ముణ్ణి ఆపి, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని వెతికారు. ట్యాబ్‌తో ఫొటో తీశారు. వద్దనొచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అనొచ్చమ్మా. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కేసు లేకుండా దారినపోయేవాళ్ల మెసేజ్‌లు చదవడం అన్యాయం. పెనుగులాడొద్దు. “ఏ కేసు, ఏ సెక్షన్ సార్? రాసివ్వండి” అని అడగమనండి. భయపడి లాక్ తీసిస్తే, తనే ఇష్టపడి ఇచ్చాడని పోలీసులు అనే వీలుంటుంది. ఫోన్ తీసుకుంటే ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు) నంబరుతో రసీదు అడగాలి.

ఫొటో సంగతికి, కమిషనరేట్ పౌర సమాచార అధికారికి రూ.10 ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పెట్టండి. ‘ఎందుకు తీశారు’ అనడిగితే జవాబు దాటేస్తారు. తనిఖీ ఆదేశం నకలు, ఫొటోలు ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే నిబంధనల నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.