ఫాస్టర్ కేర్‌కి పాపను తెచ్చుకుంటే సాయం ఏం అందుతుంది? తర్వాత వెనక్కి తీసుకెళ్లిపోతారా?

మీ బాబు ఇంజినీరింగ్ హాస్టల్‌కి వెళ్లాక ఇల్లు బోసిపోయిందనీ, ఫాస్టర్ కేర్ కింద, అంటే కన్నవాళ్లు చూసుకోలేని పిల్లను కొంతకాలం మన ఇంట్లో పెట్టుకుని పెంచే ఏర్పాటు కింద, ఒక పాపను తెచ్చుకోవాలని ఉందనీ రాశారు. ఖర్చులకు ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా, పాపను మళ్లీ తీసుకెళ్లిపోతారా అని అడిగారు. మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. తొమ్మిదేళ్ల పాపను తెచ్చుకుని, వాళ్లమ్మ ఆరోగ్యం కుదుటపడి తీసుకెళ్లేదాకా మా ఇంట్లో పెంచాం. అందుకే రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. తీసుకెళ్తారు. అసలు ఈ ఏర్పాటే అందుకు.

ఆరేళ్లు దాటి, హోముల్లో ఉంటూ, కన్నవాళ్లు ఉన్నా చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లలో, చూడటానికి ఎవరూ రాని పిల్లలో ఎక్కువగా ఇలా వస్తారు. దత్తతకు ఇవ్వదగ్గ పిల్లల్ని దీర్ఘకాలం ఫాస్టర్ కేర్‌లో పెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. కాబట్టి మీ మనసులో ఉన్నది దత్తత అయితే నేరుగా ఆ దరఖాస్తే పెట్టుకోండి, దొడ్డిదారి అనుకుని ఇటు రావద్దు. ఒక వెసులుబాటు మాత్రం ఉంది. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం, పిల్ల రెండేళ్లు ఒకే ఫాస్టర్ కుటుంబంలో ఉండి, చట్టప్రకారం దత్తతకు అర్హత వస్తే, ఆ కుటుంబమే దత్తత అడగొచ్చు. అంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా ఇప్పుడు ముందుకు రావొచ్చు. ఒంటరి మగవాళ్లకు మాత్రం మగపిల్లల్నే ఇస్తారు.

ఇక డబ్బు సంగతి. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు. మాకు అది నెలనెలా ఠంచనుగా రాలేదు, కొన్ని నెలలది కలిపి ఒకేసారి పడింది. ఆ డబ్బు మీద ఇల్లు నడపాల్సిన పరిస్థితి ఉంటే రెండుసార్లు ఆలోచించండి. ఇంకో మాట. మీ చెల్లెలి పాపనో, అన్న పిల్లల్నో ఇప్పటికే పెంచుతున్నవాళ్లు ఇది చదువుతుంటే, అదే పథకంలో స్పాన్సర్‌షిప్ అని, పిల్లల ఖర్చులకు ఇచ్చే డబ్బు సాయం వేరే ఉంది, దాని గురించి అడగండి. దానికి కుటుంబం ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు.

నిజమైన సాయం డబ్బు కాదు, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉండే సోషల్ వర్కర్. హోమ్ స్టడీకి, అంటే మా ఇల్లు పిల్లకు తగినదో కాదో చూడటానికి వచ్చినావిడ గదులు, బాత్రూమ్ చూసి, మా అత్తగారిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. అత్తగారు ఆవిణ్నే ఎదురు అడిగారు, "పిల్లది ఏ కులం అమ్మా?" అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నవ్వి, "పాపకి పప్పన్నం అంటే ఇష్టం పెద్దమ్మా, అది మాత్రం తెలుసు" అన్నారు. మన ఇళ్లలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. పిల్ల గుమ్మంలోకి రాకముందే తేల్చుకోవడం మంచిది. పోలీస్ వెరిఫికేషన్, మెడికల్ సర్టిఫికెట్లు, ఆదాయం కాగితాలు అయ్యాక, పిల్లను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ ఇస్తుంది. ఆ ఆర్డర్‌ని లామినేషన్ చేయించి, పది జిరాక్సులు తీసి పెట్టుకోండి.

ఎందుకంటారా? మేము వెళ్లిన స్కూల్లో తండ్రి ఆధార్, కుల ధ్రువీకరణ లేనిదే అడ్మిషన్ కుదరదన్నారు. ఆర్డర్ కాపీ పెట్టి, సోషల్ వర్కర్‌తో ఫోన్ చేయించాకే పని జరిగింది. చట్టం ప్రకారం కమిటీ తరఫున నెలనెలా ఇంటికి వచ్చి చూడాలి. చాలామంది దాన్ని తనిఖీ అనుకుని ఇల్లు సర్ది, టీ పెట్టి పంపేస్తారు. నేనైతే కష్టాలన్నీ ఆ రోజుకే దాచి పెట్టేదాన్ని. పాప రాత్రిళ్లు నిద్రపోవట్లేదని చెప్తే కౌన్సెలర్‌ని పంపారు. అడక్కపోతే ఆ సాయం ఉందనే మనకు తెలియదు.

మొదట్లో పాప పొద్దున్నే ఐదింటికి స్నానం చేసి, జడ వేసుకుని వరండాలో కూర్చునేది, ఎవరో హాజరు పిలుస్తారన్నట్టు. తిన్న కంచం తనే కడిగి, తుడిచి, తన బ్యాగులో పెట్టుకునేది. మా కంచాల పక్కన పెట్టమ్మా అంటే బిక్కమొహం వేసేది. ఇరవై రూపాయలిచ్చి కొట్లో పెరుగు ప్యాకెట్ తెమ్మంటే చిల్లర తీసుకోకుండా పరుగెత్తుకొచ్చింది, తొమ్మిదేళ్లొచ్చినా అప్పటిదాకా చేతిలో డబ్బు పట్టుకుంటే కదా! ఇవన్నీ మెల్లగా సర్దుకుంటాయి, కంగారు పడొద్దు. మమ్మల్ని పెద్దమ్మ, పెద్దనాన్న అని పిలిపించాం. అందువల్ల వాళ్లమ్మ చూడటానికి వచ్చిన రోజుల్లో ఎవరిని అమ్మ అనాలో అన్న ఇబ్బంది పాపకి లేకుండా పోయింది. ఆ రాకపోకలు కష్టంగానే ఉంటాయి. ఆవిడ వెళ్లాక రెండు రోజులు పాప అన్నం సరిగా తినేది కాదు, నాకు కోపం కూడా వచ్చేది. కానీ కమిటీ వద్దంటే తప్ప కన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు, మనం కాదనకూడదు.

ఫోటోల విషయంలో చుట్టాలకు ముందే గట్టిగా చెప్పండి. ఇలాంటి పిల్లల వివరాలు బయటపెడితే చట్టంలోని 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మా మరిది పుట్టినరోజు ఫోటో స్టేటస్ పెడితే నేనే తీయించాను. నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాడు, తర్వాత మామూలే.

దరఖాస్తు కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు. కానీ ముందు ఒకసారి జిల్లా ఆఫీసుకి వెళ్లి మాట్లాడి రండి. తెలంగాణలో బాలరక్షా భవన్ అని అడిగితే చూపిస్తారు, ఆంధ్రలో అయితే ఐసీడీఎస్ పీడీ ఆఫీసులో, అంటే అంగన్‌వాడీలను చూసే జిల్లా అధికారి ఆఫీసులో కనుక్కోండి. మీ వారిని, కుదిరితే సెలవులకు వచ్చినప్పుడు బాబుని కూడా తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న పిల్లలకు ఇష్టమో కాదో ఎలాగూ అడుగుతారు.