పై అంతస్తుకు వైఫై అందాలంటే రిపీటరా, యాక్సెస్ పాయింటా?

మీది నల్లగొండలో రెండంతస్తుల ఇల్లు, రౌటరేమో కింద హాల్లో, పై గదిలో సిగ్నల్ ఒక్క గీతే వస్తోంది, ఏది కొనాలని అడిగారు. స్లాబులోని కాంక్రీటు, ఇనుప చువ్వలు కలిసి సిగ్నల్‌ను మింగేస్తాయి. వైఫై వాడే రెండు బ్యాండ్లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) 5 గిగాహెర్ట్జ్ అయితే మరీ తొందరగా పడిపోతుంది.

నా ఓటు యాక్సెస్ పాయింట్‌కే. రిపీటర్ గాలిలో అందిన సిగ్నల్‌నే పట్టి మళ్లీ వదులుతుంది. ఒకే బ్యాండ్ మీద ఈ రెండు పనులూ చేస్తే స్పీడు దాదాపు సగమవుతుంది. యాక్సెస్ పాయింట్ అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె; దానికి రౌటర్ నుంచి కేబుల్ వెళ్తుంది కాబట్టి ఆ బాధ లేదు. క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు. మీకు మెట్ల పక్కనుంచి 20 మీటర్లు కూడా పట్టదేమో. బయటి గోడ మీదుగా తెస్తే మాత్రం అవుట్‌డోర్ కేబులే కొనండి, మన ఎండలకు మామూలు దాని తొడుగు పెళుసుబారి పగులుతుంది.

అటక మీద పాత రౌటర్ ఉంటే యాక్సెస్ పాయింట్‌గా అదీ చాలు. దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మెయిన్ రౌటర్‌ది కాకుండా వేరేది పెట్టి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు, కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వాన్ (బయటి నుంచి నెట్ వచ్చే) పోర్టులో కాదు, లాన్ (ఇంట్లోని పరికరాలకు కలిపే) పోర్టులో గుచ్చండి. నేను డీహెచ్‌సీపీ ఆపడం మరిచి, వైఫై ఉన్నా నెట్ రాక ఓ సాయంత్రమంతా తల పట్టుకున్నాను. రెండు రౌటర్లకీ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు మాత్రం 1, 6, 11లో వేర్వేరుగా ఉండాలి.