ఎస్ఏపీ కోర్సు కంటే ముందు ఒక బిల్లు వెంట నడవమనండి

ప్రశ్న: మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. అకౌంట్స్ బాగా చేస్తాడు కానీ కోడింగ్ అంటే టెన్షన్. మా బావగారి అబ్బాయేమో ‘ఎస్ఏపీ నేర్పించండి పిన్నీ, నాలుగు నెలల్లో ఉద్యోగం’ అంటున్నాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు జాబ్ గ్యారంటీ అని చెప్పి 70 వేలు అడుగుతున్నారు. వాడికి కాలేజీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేపర్ కూడా ఉండేది. పాసయ్యాడు. కానీ ‘పెద్ద కంపెనీలు కంప్యూటర్లతో అసలు ఏం చేస్తాయిరా’ అని అడిగితే ‘అన్నీ చేస్తాయమ్మా’ అన్నాడు. కోడింగ్ రానివాడికి అక్కడ పనేముంటుంది? డబ్బు కట్టమంటారా? - ఒక తల్లి, సరూర్‌నగర్

జవాబు: అమ్మా, ఆ 70 వేలు ఇప్పుడే కట్టకండి. ఎస్ఏపీ అనే ఆ సాఫ్ట్‌వేర్ పనికిరాదని కాదు. ఎన్నో పెద్ద కంపెనీల కొనుగోళ్ళు, అమ్మకాలు, లెక్కలు దాని మీదే నడుస్తున్నాయి. కానీ ‘అన్నీ చేస్తాయమ్మా’ దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి ఆ కోర్సు తలకెక్కదు. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో అక్కడ చెబుతారు. నొక్కితే అవతల ఎవరి పని కదులుతుందో, ఎవరి డబ్బు ఆగుతుందో చాలాచోట్ల చెప్పరు.

అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ఉందనుకోండి. మాత్రల తయారీకి 500 కిలోల పొడి కావాలి. ప్రొడక్షన్‌వాళ్ళు ఇంత సరుకు కావాలని ఇండెంట్ పెడతారు. పర్చేజ్‌వాళ్ళు రేటు మాట్లాడి ఆర్డర్ ఇస్తారు, దాన్నే అందరూ పీఓ (పర్చేజ్ ఆర్డర్) అంటారు. వారం తర్వాత లారీ గేటు దగ్గరికొస్తుంది. సెక్యూరిటీ గేట్ ఎంట్రీ రాసుకుంటాడు. స్టోర్స్‌వాళ్ళు కాటా మీద పెడితే 480 కిలోలే తేలింది. పీఓలో ఎంతున్నా వాళ్ళు సిస్టమ్‌లో ఎక్కించాల్సింది 480. సరుకు ఇంత అందిందని రాసే ఈ చీటీని జీఆర్ఎన్ అంటారు. ఎస్ఏపీలో ఆ స్క్రీన్‌కి కోడ్ మీగో. సరుకు లోపలికొచ్చినా అప్పుడే వాడటానికి వీల్లేదు. క్వాలిటీవాళ్ళు శాంపిల్ పరీక్షించి సరే అనేదాకా సిస్టమ్ దాన్ని వేరే ఖాతాలో పెట్టి ఉంచుతుంది. ప్రొడక్షన్ మేనేజర్ ఎంత తొందరపెట్టినా ఇవ్వదు.

ఈలోగా సప్లయర్ బిల్లు అకౌంట్స్‌కి వస్తుంది, 500 కిలోలకి. బిల్లు ఎక్కించే స్క్రీన్‌కి కోడ్ మీరో. (నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీటాయన ‘మీగో అయింది, మీరో?’ అంటే ‘నేనింకా తినలేదండీ’ అన్నాను. ఆఫీసంతా నెల రోజులు నవ్వింది.) అప్పుడు సిస్టమ్ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. పీఓ 500, జీఆర్ఎన్ 480, బిల్లు 500. కుదరలేదు. పేమెంట్ ఆపేస్తుంది.

కంప్యూటర్ పని అక్కడికి అయిపోయింది. ఇక ఎవరో ఒకరు ఫోన్ తీయాలి. ఆ 20 కిలోలు దారిలో పోయాయా, కాటాలో తేడానా, సప్లయరే తక్కువ పంపాడా? ఆ 20 కిలోల డబ్బు తగ్గించుకుంటూ డెబిట్ నోట్ వేయాలా, మిగతాది పంపించమనాలా? రాని సరుకు మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకోకూడదు (అంటే బిల్లులోని పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోకూడదు) కాబట్టి నెలాఖరులోగా అదీ తేల్చాలి. కోడింగ్ రానివాడికి అక్కడ పనేముంటుందని అడిగారు కదా, ఇదే. అకౌంట్స్ తెలిసి, లారీ వెనకాల ఏం జరుగుతుందో తెలిసి, నలుగురితో మర్యాదగా మాట్లాడి తేడా తేల్చే పని.

ఇందులో అబ్బాయి పట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. స్టోర్స్ కుర్రాడు 480 అని కొట్టిన క్షణంలోనే స్టాక్ పెరిగింది, అకౌంట్స్‌లో దానికి తగ్గ ఎంట్రీ దానంతటదే పడింది, పర్చేజ్‌వాళ్ళకి 20 బాకీ అని కనపడింది. పాతరోజుల్లో స్టోర్స్‌కో రిజిస్టరు, పర్చేజ్‌కో ఫైలు, అకౌంట్స్‌కో లెడ్జరు ఉండేవి. నెలాఖరున మూడూ కలవక రాత్రిళ్ళు కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఒకసారి ఒకచోట ఎక్కిస్తే అందరూ అదే చూస్తారు. సికింద్రాబాద్ స్టేషన్ కౌంటర్‌లో బుక్ చేసినా, మీ ఫోన్‌లో చేసినా ఒకే బెర్తు ఇద్దరికి ఖరారు కాకపోవడానికి కారణం కూడా ఇలా ఒకే ఖాతా ఉండటమే. కంపెనీ మొత్తానికి ఇలాంటి ఉమ్మడి ఖాతా పెట్టడాన్ని ఈఆర్‌పీ అంటారు. ఎస్ఏపీ అందులో ఒక బ్రాండు. జర్మనీలో ఐబీఎమ్ నుంచి బయటికొచ్చిన ఐదుగురు 1972లో మొదలుపెట్టారు. అంతకు ఇరవయ్యేళ్ళ ముందే, 1951లో, ఇంగ్లండ్‌లో లయన్స్ అనే కంపెనీ సొంతంగా కంప్యూటర్ తయారుచేయించుకుని తన బేకరీల లెక్కలు దాని మీద వేయించింది. ఆ లయన్స్ పేరుమోసింది టీ దుకాణాలతో. ఇరానీ చాయ్ ఊళ్ళో ఉంటూ ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయాను.

సిస్టమ్ ఎంత గొప్పదైనా మనం పెట్టినదే చూపిస్తుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. అక్కడ కొత్త ఈఆర్‌పీ మొదలుపెట్టిన వారంలోనే సీసాల లేబుళ్ళు అయిపోయాయని సిస్టమ్ చూపించింది. పర్చేజ్‌వాళ్ళు ఆర్డర్ పెట్టారు. మళ్ళీ వారం మళ్ళీ అదే మాట, మళ్ళీ ఆర్డర్. మూడోసారి రోల్స్ దించడానికి వస్తే స్టోర్స్ పెద్దాయన గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. ‘ఎక్కడ పెట్టమంటారు సార్, నా నెత్తిన పెట్టమంటారా? లోపల 60 రోల్స్ పడున్నాయి’ అన్నాడు. చూస్తే, పాత స్టాక్ ఎక్కించినప్పుడు 60 రోల్స్‌ని 60 లేబుళ్ళుగా ఎక్కించారు. ఒక్కో రోల్‌లో 2,000 ఉంటాయి. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ఎంత వెతికినా దొరకలేదు. గోడౌన్‌ని కళ్ళతో చూసిన మనిషికి దొరికింది. ఆ తర్వాత ఏ కొత్త సరుకు కోడ్ తెరిచినా మా మేనేజర్ ముందు ఆయన్నే పిలిచేవాడు.

హైదరాబాద్‌లో ఈ పనులు ఎక్కడున్నాయంటే, గచ్చిబౌలి, రాయదుర్గం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు విదేశీ కంపెనీలు తమ అకౌంట్స్ పనులు చేయించుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. అక్కడ బీకాం ఫ్రెషర్లని తీసుకుంటారు. ప్రకటనల్లో ‘పీ టు పీ’, ‘ఓ టు సీ’ అని కనిపిస్తాయి. మొదటిది కొనుగోలు దగ్గర్నుంచి పేమెంట్ దాకా, అంటే మనం చూసిన కథే. రెండోది ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చేదాకా. మొదట్లో జీతం తక్కువే, నైట్ షిఫ్టులు కూడా పడొచ్చు, క్యాబ్ ఉందో లేదో ముందే అడగమనండి. కానీ అక్కడ రెండు మూడేళ్ళు నిజమైన బిల్లులు చూసినవాడు ఎస్ఏపీ కన్సల్టెంట్ అవడం వేరు, డిగ్రీ అవగానే కోర్సు చేసి అవ్వాలనుకోవడం వేరు. కన్సల్టెంట్ అంటే కంపెనీవాళ్ళు ఎదురుగా కూర్చుని ‘మా దగ్గర ఇలా చేస్తాం, సిస్టమ్‌లో ఎలా పెడతారు’ అని అడిగితే జవాబు చెప్పాల్సినవాడు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు ఏం చెబుతాడు?

బిల్లులు చదివే పని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది కదా అంటారేమో. నిజమే. మూడు కాగితాలూ కుదిరిన బిల్లుని చాలాచోట్ల మనిషి ముట్టుకోవడం లేదు. కుదరనివే మనిషి దగ్గరికొస్తాయి. అందుకే టైపింగ్ వేగం మీద ఆశ పెట్టుకోవద్దని, తేడా ఎందుకొచ్చిందో పట్టుకోవడం నేర్చుకోమని చెబుతున్నాను.

పరీక్షలయ్యాక మూడు నెలలు కోఠిలో ఏదైనా మందుల హోల్‌సేల్ దుకాణంలోనో, మీకు తెలిసిన డిస్ట్రిబ్యూటర్ దగ్గరో సాయంత్రాలు కూర్చోబెట్టండి. జీతం అడగొద్దు. ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేయాలి, సరుకు దిగేటప్పుడు పక్కనుండి లెక్కపెట్టాలి, జీఎస్టీ పోర్టల్‌లో సప్లయర్ చూపించిన బిల్లులకీ దుకాణం లెక్కకీ తేడా ఎక్కడుందో చూడాలి. ఇంటికొచ్చాక ఎక్సెల్‌లో పివట్ (లెక్కల్ని కుప్పలుగా కూడి చూపించేది), వీలుకప్ (ఒక పట్టికలోది ఇంకో పట్టికలో వెతికి తెచ్చేది) చేతికి అలవాటయ్యేదాకా చేయాలి. వీలైతే కొంచెం ఎస్‌క్యూఎల్, అంటే సిస్టమ్‌లో దాచిన వివరాల్ని అడిగి తీసుకునే భాష. అది కోడింగే కానీ భయపడేంత లేదు, ‘జూన్‌లో 20 కిలోలకి మించి తేడా వచ్చిన బిల్లులు చూపించు’ అని అడగడం లాంటిది. ఇంగ్లిష్‌లో ఒక ఈమెయిల్ తప్పుల్లేకుండా రాయగలగాలి. ఫోన్ తర్వాత రోజంతా చేసే పని అదే.

ఇక ఆ ఇన్‌స్టిట్యూట్. ‘జాబ్ గ్యారంటీ’ అన్నచోట గ్యారంటీ కాగితం మీద రాసిమ్మనండి, మాట మారుస్తారు. కొందరు నెమ్మదిగా ‘రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం’ అంటారు. అక్కడ్నుంచి లేచి వచ్చేయమనండి. వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు చూస్తే ఎక్కడ ఎన్నాళ్ళు చేశాడో తేలిపోతుంది, వచ్చిన ఉద్యోగమూ పోతుంది. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సర్టిఫికెట్టూ, ఎస్ఏపీ కంపెనీ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్టూ ఒకటి కాదు. ఏ వెర్షన్ మీద నేర్పుతారో కూడా అడగండి. ఈసీసీ అనే పాత వెర్షన్‌కి ఎస్ఏపీ కంపెనీ ఇచ్చే మామూలు సపోర్టు 2027 చివరితో ఆగిపోతుంది, కంపెనీలు ఎస్‌ఫోర్ హానా అనే కొత్త వెర్షన్‌కి మారుతున్నాయి.

మూడు నెలల తర్వాత కూడా వాడికి ఆసక్తి ఉంటే డెమో క్లాసుకి పంపండి. అక్కడ ‘సార్, 500కి పీఓ ఉంది, 480 వచ్చింది, బిల్లు 500కి ఇచ్చాడు, ఇప్పుడేం చేస్తారో సిస్టమ్‌లో చూపించండి’ అని అడగమనండి. చేసి చూపించి, ఎందుకో కూడా చెప్పిన సార్ దగ్గర చేర్పించండి. ఫీజు మాత్రం వాయిదాల్లో కట్టండి.