ఎలుక జ్వరం అంటున్నారు, గేదెల్ని అమ్మేయాలా?

ప్రశ్న: మాది కోనసీమ. ఊడుపులకు వెళ్ళొచ్చిన కొన్నాళ్ళకు అమ్మకు జ్వరం పట్టుకుంది. పిక్కలు పీకేస్తున్నాయంటోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డెంగ్యూ లేదన్నారు, ఎలుక జ్వరం కావచ్చట. ఇంట్లో రెండు గేదెలు, నాటుకోళ్ళు ఉన్నాయి. వాటి నుంచి కూడా జబ్బులొస్తాయి, అమ్మేయమని చుట్టాలు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూడండి, గేదెల మాట తర్వాత. ఈరోజే మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. అక్కడ జ్వరం అని చెప్పి ఊరుకోవద్దు. నీళ్ళలో ఊడుపులు ఊడ్చింది, వేళ్ళ సందులు పాసిపోయి ఉన్నాయి, చేలో ఎలుకలున్నాయి అని పని వివరమంతా చెప్పండి. ఓపీలో వందమందిని చూసే డాక్టరుకి ఆ ముక్క మనం చెబితేనే తెలుస్తుంది.

మాది పాలకొల్లు వైపు. మా బాబాయికి ఇదే జబ్బు వచ్చింది. ఆ ఏడు సార్వాలో మురుగు డ్రెయిన్‌కి గుర్రపుడెక్క అడ్డంపడి నీళ్ళు లాగలేదు. చేను ముంపులో ఉంటే, గట్లు తెంపుతూ మొలలోతు నీళ్ళలో తిరిగాడు. గట్ల మీద బొరియల్లోకి నీళ్ళు చేరితే ఎలుకలు ఎక్కడికి పోతాయి? ఆ చుట్టూనే ఉంటాయి. తర్వాత ఎప్పుడో చలిజ్వరం మొదలైంది. ఊళ్ళో డాక్టరు నొప్పుల ఇంజెక్షన్ చేసి పంపాడు. టౌనుకి తీసుకెళ్తే ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగ్యూయే అన్నారు, టెస్టులో మాత్రం లేదు. ఈలోగా కళ్ళు పచ్చబడ్డాయి. ఇంకేముంది, కామెర్లని తేల్చి పిన్ని పసరు మందుకి ఆటో మాట్లాడేసింది. మాకు ఒంటికి పచ్చదనం కనబడితే పసరు వైద్యుడే గుర్తొస్తాడు, ఏం చేస్తాం! ఆయనకు మూత్రం బాగా తగ్గిపోయేసరికి భయపడి కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఏం పని చేస్తారండీ?" అని. పిక్కలు నొక్కి చూసింది. ఆయన అరిచిన అరుపుకి వార్డంతా తిరిగి చూసింది. రక్తపరీక్ష రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టింది. కొన్నాళ్ళు డయాలసిస్ కూడా చేయాల్సి వచ్చింది, తర్వాత కిడ్నీలు తేరుకున్నాయి. ఇప్పుడు మళ్ళీ వ్యవసాయమే.

దీని అసలు పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుకల కిడ్నీల్లో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉంటుంది, వాటి మూత్రంతో నీళ్ళలో, బురదలో కలుస్తుంది. మన ఒంటి మీది గాట్ల నుంచి, నాని మెత్తబడిన చర్మం నుంచి, కళ్ళలోంచి, నోట్లోంచి లోపలికి పోతుంది. ఎక్కువగా ఐదు రోజుల నుంచి రెండు వారాల్లో జ్వరం బయటపడుతుంది, ఒక్కోసారి నెల కూడా పట్టొచ్చు. మీరు రాసిన రెండు గుర్తులూ దీనికి సరిపోతాయి, పిక్కల నొప్పి, పుసులు లేకుండా ఎర్రబడ్డ కళ్ళు. అయినా తేల్చాల్సింది డాక్టరే. స్క్రబ్ టైఫస్ అనే ఇంకో జ్వరం కూడా మన దగ్గర ఉంది. అదైతే గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిలాంటి పురుగు కుట్టిన చోట చాలాసార్లు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలు, గజ్జలు, నడుం చుట్టూ ఒకసారి చూడండి.

టెస్టు గురించి ఒక మాట. దీనికి చేసే ఐజీఎం ఎలైసా రక్తపరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో చాలామందికి నెగెటివ్ వస్తుంది, ఒంట్లో జబ్బుతో పోరాడే యాంటీబాడీలు అప్పటికి తయారుకావు. అందుకని నెగెటివ్ రాగానే "హమ్మయ్య" అనుకోవద్దు. అనుమానం ఉంటే డాక్టర్లు డాక్సీసైక్లిన్, తీవ్రంగా ఉంటే పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్‌లు ముందే మొదలుపెడతారు. ఈలోగా మెడికల్ షాపులో నొప్పుల బిళ్ళలు కొని వేయకండి, కిడ్నీలకు అసలే దెబ్బ. పారాసెటమాల్ చాలు. మూత్రం తగ్గినా, కళ్ళు పచ్చబడినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోవడం చాలా అరుదు. పక్కన కూర్చుని అన్నం పెట్టొచ్చు.

బూట్లు వేసుకోమని పుస్తకాల్లో రాస్తారు. ఆ బురదలో గంబూట్లతో ఊడుపు ఊడ్చిన మనిషిని నాకు చూపించండి! గాట్లకు నీళ్ళు దిగని పట్టీ వేసుకోవడం, ఇంటికి రాగానే బోరునీళ్ళతో, సబ్బుతో కాళ్ళు కడుక్కుని వేళ్ళ సందులు ఆరబెట్టుకోవడం, ఇంతే మనవల్ల అయ్యేది. గోరింటాకు పెట్టుకుంటే చాలంటారు మా ఆడవాళ్ళు. దాన్ని నమ్ముకోవద్దు. కేరళలో 2018 వరదల తర్వాత నీళ్ళలో దిగేవాళ్ళకు వారానికోసారి డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా ఇచ్చారు. మీ ఊరు మునిగితే పీహెచ్‌సీలో అడగండి, సొంతంగా మాత్రం వేసుకోకండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది పనికిరాదు.

ఇక గేదెలు. అమ్మొద్దు. గేదెల మూత్రంలో కూడా లెప్టోస్పైరా ఉండొచ్చు, కాబట్టి గాటున్న చేత్తో పాక కడగొద్దు. నేనైతే ఎక్కువ భయపడేది బ్రూసెల్లాకి, అంటే పశువులకు కడుపు పోగొట్టే బ్యాక్టీరియాకి. చివరి నెలల్లో గేదె ఈసుకుపోయినా, మాయ పడకపోయినా మనవాళ్ళు వట్టి చేత్తో లాగేస్తారు. అలా చేయకండి, పశువుల డాక్టరుని పిలవండి. మనిషికొస్తే వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళనొప్పులు. పాలు పొంగేదాకా కాచి తాగండి. ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి వేసే టీకా ఉంది. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఉచితంగా వేస్తారు. పశువులకు వచ్చే లంపీ చర్మవ్యాధి, గాలికుంటు చూసి పాలు మానేసినవాళ్ళున్నారు. లంపీ మనకు రాదు, గాలికుంటు రావడం దాదాపు లేదు.

గేదె చొంగ కారుస్తూ, మింగలేక అవస్థపడుతుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టేస్తారు. కుక్క కరిచిన గేదె అయితే అది రేబిస్ కావచ్చు. చెయ్యి పెట్టేసి ఉంటే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే టీకాకు వెళ్ళాలి. లక్షణాలు వచ్చాక రేబిస్ నుంచి బతికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

కోళ్ళకైతే 2025 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్‌ఫ్లూ అని తేలగానే జనం చికెన్ మానేశారు. బాగా ఉడికితే ఆ వైరస్ బతకదు. ప్రమాదమల్లా జబ్బు కోడిని పట్టుకుని కోసేవాడికి. మీ నాటుకోళ్ళు ఉన్నట్టుండి నాలుగైదు చచ్చిపోతే కోసి కూర వండకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఎలుకల సంగతి మీ పక్క రైతులతో మాట్లాడండి. బుట్టలు పెట్టేవాళ్ళను పిలిచినా, మందు పెట్టినా ఆయకట్టంతా ఒకేసారి చేయాలి, లేకపోతే పక్క చేలోవి మీ చేలోకి వస్తాయి. 96 పాళ్ళు నూకలకు 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి పొట్లాలు కట్టాలి. ముందురోజు బొరియలన్నీ మూసేసి, తెల్లారి ఏవి తెరుచుకున్నాయో వాటిల్లోనే వేయాలి. చేతులకు తొడుగులు ఉండాలి, కోళ్ళు ఆ దరిదాపులకు రాకూడదు.